సాయిబుమామ అడిగిన బియ్యం

మొన్నామధ్య సరిహద్దులో గొడవలు ముదిరినప్పుడు, నెల్లూరులో మేముండే అపార్ట్‌మెంట్ వాళ్లంతా కింద పార్కింగులో మీటింగు పెట్టుకున్నారు. సైరన్ మోగితే లైట్లు ఎట్లా ఆర్పాలి, లిఫ్టు ఎవరు ఆపాలి అని సెక్రటరీ గారు వివరంగా చెబుతున్నారు. పై అంతస్తులో అద్దెకుండే నర్సు అమ్మాయి లేచి, "అన్నీ బాగానే ఉన్నాయండీ. కానీ మా ఆసుపత్రిలో దూది కూడా సరిగ్గా లేదు. రేపు ఏదైనా జరిగితే జనాన్ని ఎక్కడ పడుకోబెట్టాలో మాకే తెలీదు. ఆ సంగతి కూడా పైవాళ్లను అడగాలి కదా?" అంది.

ఒక్కసారిగా గోల లేచింది. "ఇప్పుడా ఇవన్నీ అడిగేది?" అని ఒకరు, "అక్కడ సైనికులు ప్రాణాలిస్తుంటే ఇక్కడ దూది గురించా?" అని ఇంకొకరు. ఆ గోలలోంచి ఒక పెద్దమనిషి చాలా మర్యాదగా, "అమ్మా, అసలు మీది ఏ ఊరు?" అని అడిగాడు.

ఆ మర్యాదను నేనెరుగుదును. లేచిపోయి ఆ అమ్మాయి పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. "ఆమె అడిగిందే నేనూ అడుగుతున్నా" అన్నాను. మీటింగు అంతటితో చెదిరిపోయింది. పైకొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. నా పదో ఏటో, పదకొండో ఏటో వచ్చిన ఒక చలికాలం కళ్ల ముందుకొచ్చి నిలబడింది.

మా పాలెం అల్లూరుకు తూర్పున సముద్రం ఒడ్డున ఉండేది. ఉండేది అనే అనాలి. పాత వరుస ఇళ్లను సముద్రం తీసుకుంది, మిగిలిన చోట రొయ్యల గుంటలు తవ్వారు. అప్పుడైతే తాటాకు ఇళ్లు, వాటి వెనక సరుగుడు తోపు. పొద్దున లేస్తే ముందు ముక్కుకు తగిలేది ఎండుచేపల వాసన, దాని వెనకే వలలకు రంగు పట్టించడానికి కాచే తుమ్మచెక్క కషాయం వగరు వాసన. మా నాయన పాలేనికి పెద్దకాపు. తగాదాలు తీర్చేదీ, తెప్పలు ఎప్పుడు దించాలో చెప్పేదీ ఆయనే. ఒడ్డు మీద ఆయన మాటకు తిరుగులేదు. ఇస్త్రీ మడత చొక్కాతో ఎవరైనా ఎదురుపడితే మాత్రం నాలుక మడత పడేది.

బండిబాట మొదలయ్యే చోట ఒకే ఒక పెంకుటిల్లు ఉండేది. అది కుట్టుమిషను సాయిబుది. మేం పిల్లలం సాయిబుమామ అనేవాళ్లం. ఆయన భార్య బీబత్త. వాళ్లకు పిల్లల్లేరు. వాళ్ల వసారాలో మిషను నూనె, కొత్త గుడ్డ గంజి, ఆయన చెవి మడతలో పెట్టుకునే అత్తరు దూది, మూడూ కలిసి ఒక వాసన వచ్చేది. పాలెంలో కుర్చీ ఉన్నది ఆయనకే, రేడియో ఉన్నదీ ఆయనకే. అల్లూరు నుంచి పత్రిక ఒకరోజు ఆలస్యంగా వస్తే మగవాళ్లందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని చదివేవాడు. చదువుతూ మధ్యలో తన సొంత మాటలు కలిపేసేవాడు. ఏది పత్రికదో ఏది ఆయనదో ఎవరికీ తెలిసేది కాదు.

మేం మిషను కింద దూరి గుడ్డపీలికలు దొంగిలించేవాళ్లం, బొమ్మలకు పావడాలు కుట్టుకోవడానికి. ఒకసారి నేనూ మా తమ్ముడూ ఆయన సుద్దముక్క ఎత్తుకుపోయి పాలెంలోని మేకలన్నిటికీ నామాలు పెట్టాం. ఆయన కత్తెర టకటకలాడిస్తూ, "దొరికితే చెవులు కత్తిరించి జేబులు కుడతా" అని ఒడ్డుదాకా తరిమాడు. దొరికాక మాత్రం రంజానుకు మిగిలిన ఎండుఖర్జూరం చేతిలో పెట్టాడు.

ఆయనకు మాట్లాడటం ఒక జబ్బు. కాస్త గొప్పలు కూడా చెప్పుకునేవాడు. కుడతానన్న రోజుకు రవిక కుట్టి ఇచ్చిన పాపాన పోలేదు. కానీ సర్కారు జీపు ఎప్పుడొచ్చినా ఎదురెళ్లి, "మాకు రోడ్డు ఎప్పుడేస్తారు సార్?" అని అడిగేది ఆయనొక్కడే. మా వాళ్లు వెనక నిలబడి ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. జీపు పోయాక, "భలే అడిగినావు సాయిబూ" అని భుజం తట్టేవాళ్లు.

ఆ చలికాలం పక్కదేశంతో యుద్ధం వచ్చింది.

మొదట్లో మాకది పండగలాగే ఉండింది. బళ్లో పాటలు నేర్పారు. సాయిబుమామ పీలికలతో చిన్నచిన్న జెండాలు కుట్టి పిల్లలందరి చొక్కాలకూ గుచ్చాడు. బడి కిటికీలకు నల్లగుడ్డ కట్టాలన్నారు. ఆయనే కూర్చుని కుట్టాడు, కూలి తీసుకోలేదు. చీకటి పడితే పాలెంలో దీపం వెలిగించకూడదు. మా అవ్వ పొయ్యిలో నిప్పు మీద కూడా చట్టి బోర్లించేది. "ఇమానం వోడికి నా పొయ్యి కూడా కనిపిస్తాదంటే వోడి కళ్లకి నరదిష్టి తీయాల" అని గొణిగేది. సాయంకాలాలు సాయిబుమామ రేడియో చుట్టూ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. మనవాళ్లు ఒక ఊరు గెలిచారని చెబితే అందరికన్నా ముందు కేక వేసేది ఆయనే.

తర్వాత ఆర్డరు వచ్చింది. సముద్రంలోకి తెప్ప దించకూడదు. శత్రువుల ఓడలు తిరుగుతున్నాయట. పనికి పోనందుకు ఇంటింటికీ బియ్యం ఇస్తామన్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. తెప్పల కట్లు విప్పి మానుదుంగలు ఒడ్డున ఆరబెట్టారు. నాయన రోజూ పొద్దున్నే పోయి సముద్రం వైపు నిలబడి తిరిగొచ్చేవాడు. ఇంట్లో ఉన్న ఎండుచేపలు అయిపోయాయి. రాగులు అయిపోయాయి. తేగలు కాల్చుకుని తిన్నాం. కాలవ బురదలో పీతల కోసం వెతికాం. అందరూ వెతికితే పీతలు మాత్రం ఎక్కడుంటాయి?

చివరికి బియ్యం బండి వచ్చింది. గోతాలు విప్పగానే పుల్లటి వాసన. గింజలు నల్లగా తడిసి ముద్దలు కట్టి ఉన్నాయి, వాటిలో తెల్లటి పురుగులు కదులుతున్నాయి. అమ్మ ఎన్ని నీళ్లు పోసి కడిగినా ఆ వాసన పోలేదు. చింతపండు పులుసులో ముంచుకుని ముక్కు మూసుకుని మింగాం. పాలెంలో పిల్లలకు వాంతులు, బేదులు పట్టుకున్నాయి. మా తమ్ముడు బట్టపేలికలా మంచానికి అతుక్కుపోయాడు. అవ్వ వాడి పెదాల మీద కొబ్బరినీళ్లు చుక్కలు చుక్కలుగా వేస్తూ ఉండేది.

తాలూకా నుంచి ఆఫీసరు గారు యుద్ధం గురించి చెప్పడానికి వస్తున్నారని కబురొచ్చింది. ఆ సాయంత్రం నాయన నన్ను వెంటబెట్టుకుని సాయిబుమామ ఇంటికి పోయాడు. మరి నలుగురు పెద్దవాళ్లు అప్పటికే వసారాలో కూర్చుని ఉన్నారు.

"నువ్వే అడగాల సాయిబూ" అన్నాడు నాయన. "మాకు ఆ మనిషి ముందర నోరు పెగలదు. నువ్వు లేసి అడుగు. నీ యనకాల్నే మేమంతా లేస్తాం."

లోపల్నుంచి బీబత్త తలుపు చాటుకు వచ్చింది. "అన్నా, ఎప్పుడూ ఆయన అడిగినాడు, నేను వద్దన్లా. ఇప్పుడు మామూలు రోజులు గాదు. యుద్ధం ఎవురితోనో మీకు తెలుసు, మా పేర్లేందో మీకు తెలుసు. ఈ ఒక్కసారికి ఇంకెవురన్నా లెయ్యకూడదా?"

నాయన తుండుతో ముఖం తుడుచుకున్నాడు. సాయిబుమామ నవ్వాడు. "నా పేరు ఇయ్యాల కొత్తగా పెట్టినారా యేంది? పిలకాయలు పడి ఉండారు. రోడ్డు గురించి అడిగిన నోరు బువ్వ గురించి అడగదా?" అని నాయన వైపు తిరిగి, "యనకాల లేస్తారు గదా?" అన్నాడు.

"సముద్రం మీద ఒట్టు" అన్నాడు నాయన. మాలో దానికి మించిన ఒట్టు లేదు.

ఇంటికొచ్చాక అమ్మ భయపడింది. "ఇల్లు తగలబడేటప్పుడు ఇంటి పెద్దని తిట్టుకుంటా కూసుంటారా?" అంది. అవ్వ తమ్ముడి తల నిమురుతూనే, "తగలబడేటప్పుడేగా నీళ్లబిందె యాడ పెట్టినావురా అని అరిసేది. ఆరిపోయినాక అడిగితే బూడిదకి చెప్పుకోవాల్సిందే" అంది.

మరునాడు మధ్యాహ్నం బడి ముందు ఇసుకలో అందరం కూర్చున్నాం. జీపు దిగిన ఆఫీసరు గారు చెడ్డ మనిషిలా లేరు. నిద్రలేని కళ్లు, మాసిన చొక్కా. సరిహద్దులో చలికి గడ్డకట్టే కుర్రాళ్ల గురించి చెబుతుంటే ఆయన గొంతు బొంగురుపోయింది. మా అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆయన పక్కన బియ్యం సరఫరా చేసిన మిల్లు ఆసామి కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

ఉపన్యాసం అయ్యాక సాయిబుమామ లేచాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. పైపంచె మూలన కట్టుకొచ్చిన ముడి విప్పి పిడికెడు బియ్యం అరచేతిలో పోసుకున్నాడు.

"సార్, దీపాలార్పమన్నారు, ఆర్పినాం. సముద్రంలోకి పోబాకండన్నారు, పోలా. ఎందుకని ఒక్కరు అడగలా. యుద్ధం గెలవాలనే మా అందరి కోరిక. పోకుండా కూసున్నందుకు ఇస్తామన్న బియ్యం ఇదిగో, ఇయ్యే. పిలకాయలు తిని పడిపోయినారు. మీరొక్కసారి వాసన చూడండి సార్."

వెనక నుంచి అవునవునని గుసగుసలు లేచాయి. ఆఫీసరు గారు ఓపికగానే అన్నారు: "నీ మాట అబద్ధమని నేననను. కానీ ప్రతిదానికీ సమయం ఉంటుంది. మనం ఇక్కడ గోల చేస్తే ఆ కబురు అక్కడ కందకంలో పడుకున్న కుర్రాడి చెవిన పడదా? శత్రువు విని నవ్వుకోడా? యుద్ధం అయిపోనీ. అప్పుడొచ్చి నన్ను నిలదీయి."

"ఆ పిల్లోడు కూడా ఇట్టాంటి పాలెం నుంచే పోయుంటాడు సార్. వోళ్ల ఇంట్లో బువ్వ బాగుందో లేదో ఎవురన్నా అడగతా ఉండారని తెలిస్తే వోడికి బలమే గదా?"

ఆఫీసరు గారు జవాబు చెప్పేలోపల మిల్లు ఆసామి కుర్చీలో కొంచెం ముందుకు వంగాడు. చాలా నెమ్మదిగా అడిగాడు: "సాయిబూ, నీకాడ రేడియో ఉండాదంటనే. అందులో ఏ స్టేషను వింటావు?"

గుసగుసలు ఆగిపోయాయి.

"అందరూ వినేదే. ఈళ్లంతా నాతో పాటే ఇంటారు."

"కాదులే, ఊరికే అడగతా ఉండా. మీ చుట్టాలెవురన్నా ఆ పక్క ఉండారా? అసలు మీది ఏ ఊరు?"

సాయిబుమామ అది ఎగతాళి అనుకున్నట్టు నవ్వబోయాడు. "మా నాయన గోరీ ఈ ఇసకలోనే ఉండాది గదయ్యా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన వెనక్కి తిరిగి మా వైపు చూశాడు. మా నాయన వైపు.

నేను నాయన పక్కనే కూర్చుని ఉన్నాను. ఆయన తుండు పట్టుకుని లాగాను. "నాయనా, లెయ్" అన్నాను. ఆయన నా చెయ్యి నొప్పి పుట్టేట్టు పట్టుకున్నాడు. చూపుడువేలితో ఇసుకలో గీతలు గీస్తున్నాడు.

"ఈ పాలేనికి పెద్దకాపు ఎవరు?" అని ఆఫీసరు గారే అడిగారు. "నువ్వేనా? నువ్వు చెప్పు. బియ్యం బాగలేవా?"

నాయన లేచాడు. చేతులు కట్టుకున్నాడు. ఇప్పుడు చెబుతాడనుకున్నాను.

"ఏదో సర్దుకుంటా ఉండాం సార్. యుద్ధం గదా" అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఎవరూ లేవలేదు. సాయిబుమామ అరచేతిలోని బియ్యాన్ని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు నిలబడ్డాడు. తర్వాత మళ్లీ పైపంచె మూలన కట్టుకుని కూర్చున్నాడు. పోతూపోతూ జీపు ఆయన ఇంటి ముందు ఆగింది. ఒక పోలీసాయన రేడియో చంకన పెట్టుకుని, "చూసి ఇచ్చేస్తాంలే" అని తీసుకుపోయాడు. అది మళ్లీ రాలేదు.

బియ్యం మాత్రం వచ్చాయి. తర్వాతి వారం తిరక్కముందే కొత్త గోతాలతో, తెల్లటి బియ్యం. ఒడ్డు కనిపించేంత దూరంలో పగటిపూట తెప్పలు దించుకోవచ్చని కూడా ఆర్డరు వచ్చింది. ఆ రోజు పాలెమంతా అన్నం ఉడికే కమ్మటి వాసన. నాయన తెచ్చిన నెత్తళ్లు మామిడి ఒరుగు వేసి అమ్మ పులుసు పెట్టింది. తమ్ముడు లేచి కూర్చుని రెండోసారి పెట్టించుకున్నాడు. అవ్వ మాత్రం తన కంచంలో చెయ్యి పెట్టలేదు.

"తినండి" అంది చివరికి. "ఆ సాయిబు మాటనే ఉడకేసుకుని తింటా ఉండాం."

నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కాసేపాగి మళ్లీ తిన్నాడు. ఆకలి అట్లాంటిది.

అమ్మ గిన్నెలో పులుసు పోసి నా చేతికిచ్చి సాయిబుమామ ఇంటికి పంపింది. బీబత్త గుమ్మంలోనే నిలబడింది. గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. "నువ్వు బంగారుతల్లివి పాపా. ఇది మీ నాయన్ని తెచ్చియ్యమను" అని తలుపు దగ్గరికి వేసింది. నేను గిన్నె వెనక్కి తెచ్చాను. నాయన పోలేదు. పులుసు చల్లారిపోయింది.

సాయిబుమామ మీద మాలో ఎవరికీ కోపం లేదు. అది ఇప్పటికీ నన్ను ఎక్కువగా కుంగదీసే సంగతి. కోపమన్నా ఉండుంటే ఏదో అనుకోవచ్చు. కేవలం భయం. ఆయన వసారాలో కూర్చుంటే తమనూ అడుగుతారేమోనని మగవాళ్లు అటు పోవడం మానేశారు. ఆడవాళ్లు రవికగుడ్డలు అల్లూరు తీసుకుపోయారు. పిల్లల్ని అటు పంపలేదు. అడిగితే, "ఇప్పుడొద్దు, కాస్త సద్దుమణగనీ" అనేవాళ్లు. ఎవరో పెంకుల మీద రాయి కూడా వేశారు. వేసింది ఎవరో పాలెమంతటికీ తెలుసు. పెద్దకాపుగా ఆ తగాదా తీర్చాల్సింది మా నాయన. ఆయన పిలిపించలేదు.

యుద్ధం గెలిచాం. బళ్లో బూందీ పంచారు. ఊరేగింపులో మేమంతా సాయిబుమామ కుట్టిన జెండాలే గుచ్చుకుని అరుచుకుంటూ ఆయన ఇంటి ముందు నుంచే పోయాం. ఆయన వసారాలో నిలబడి చెయ్యి ఊపాడు. మాతో రమ్మని ఒక్కరు పిలిస్తే వచ్చేవాడు.

ఎండలు ముదరకముందే మిషనూ, కుర్చీ, రెండు పెట్టెలూ బండికెత్తుకుని గూడూరులో బీబత్త తమ్ముడి దగ్గరికి పోయారు. ఆ పొద్దు నాయన తెల్లారకముందే తెప్ప దించాడు. గాలి బాగలేదని మిగిలినవాళ్లెవరూ పోలేదు.

ఏడాది పైన గడిచాక ఒకనాడు నాయన, "ఎండుచేపలు అమ్ముకోను గూడూరు పోతా ఉండా, పాపని తీసకపోతా" అన్నాడు. బుట్టలో పైన అమ్మకానివి. అడుగున తాటాకులో విడిగా చుట్టిన వంజరం ముక్కలు. అమ్మ అది చూసింది. గూడూరులో నిమ్మకాయల మార్కెట్టు వెనక సందులో, పుల్లటి ఘాటు వాసన మధ్య, ఒక రేకుల షెడ్డు కింద సాయిబుమామ గోతాలు కుడుతున్నాడు. మిషనుతో కాదు, దబ్బనంతో. వేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకున్నాడు. చెవిలో అత్తరు దూది లేదు.

నన్ను చూసి ముఖం విప్పారింది. "మేకలకి నామాలు పెట్టిన పిల్లే గదా!" అన్నాడు. టీ తెప్పించాడు. తమ్ముణ్ణి అడిగాడు, అవ్వను అడిగాడు. నాయన తాటాకు పొట్లం పక్కన పెట్టి, తలొంచుకుని టీగ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆ తర్వాత వచ్చిన బియ్యం బాగుండినాయా అన్నా?" అని సాయిబుమామే అడిగాడు.

"బాగుండినాయి."

"అదే గదా కావాల్సింది."

"సాయిబూ, ఆ పొద్దు నేను లెయ్యాల్సింది..." అని నాయన మొదలుపెట్టాడు.

సాయిబుమామ దబ్బనం గోతంలోకి గుచ్చి ఆపాడు. "నా యనకాల నువ్వు లెయ్యలేదని గాదన్నా నా బాధ. భయం ఎవురికుండదు? లెయ్యకపోయుంటే నేను మర్చిపోయుందును. నువ్వు లేసినావు. లేసి ఆ మాట అన్నావు."

నాయన గ్లాసు కింద పెట్టేశాడు. అంతలో షెడ్డు యజమాని వచ్చి ఒక గోతం ఎత్తి సాయిబుమామ ముందు విసిరేశాడు. కుట్టు వంకరగా ఉందని అరిచాడు, కూలి కోస్తానన్నాడు. కుట్టు సూటిగానే ఉంది, నాకు కూడా కనిపిస్తూనే ఉంది. పిల్లనైనా నేను సాయిబుమామ ముఖం వైపు చూశాను, ఇప్పుడు ఏదో గట్టిగా అంటాడని.

"అట్నే సార్. సరిచేస్తా" అన్నాడు ఆయన, గోతం దగ్గరికి లాక్కుంటూ.

తిరుగు బస్సులో నాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక, నన్ను అడిగాడో తనను తానే అడుక్కున్నాడో, "బాగలేవు సార్ అని నేను ఆ ఒక్కమాట అనుంటే ఏమయ్యుండునో?" అన్నాడు. ఆ ఏడే పెద్దరికం వదిలేశాడు. ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. మంచాన పడ్డ రోజుల్లో కూడా అడిగేవాడు. తెలియదని చెప్పేదాన్ని.

తెలియక కాదు. ఏమీ అయ్యుండేది కాదు. పాలెం మొత్తాన్ని చుట్టాలెక్కడున్నారని అడగడం ఎవరి తరం? ఆఫీసరు గారు కాసేపు విసుక్కునేవారు. బియ్యం ఎట్లాగూ మార్పించారు, అప్పుడూ మార్పించేవారు. సరిహద్దులో ఏ కుర్రాడి చెయ్యీ వణికేది కాదు. యుద్ధం గెలిచేవాళ్లమే. మా పాలెంలో సాయంకాలాలు పత్రిక చదివే గొంతు ఒకటి మిగిలి ఉండేది. చావుకు దగ్గరైన మనిషికి ఆ జవాబు ఎట్లా చెప్పను? చెప్పడానికి నేనేమైనా వేరుగా నిలబడ్డ మనిషినా? ఆ తెల్లటి బియ్యం తిని తమ్ముడు బతికాడు. ఇంకొంచెం పెట్టమని కంచం చాపి, నేనూ తిన్నాను.